చేతుల వయసు

"గిన్నెల జోలికి రావద్దంటోంది మీ అక్క. వచ్చి కూర్చో," అన్నాడు భర్త, వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"ఊరికే కూర్చుంటే తోచడం లేదండీ."

"తోచకపోతే తోచకపోనీ. ఆ చేతులు తగ్గేదాకా నీకు సెలవు. టీవీ వాళ్ళిచ్చారు, మేమివ్వలేమా?"

 వార్తలమ్మ తెల్లటి నూలు తొడుగుల్లో ఉన్న రెండు చేతుల్నీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూలబడింది.

సింకు దగ్గర అక్క వట్టి నీళ్ళతో మూకుడు తోముతోంది. జిడ్డు వదలడం లేదు. అయినా సబ్బు ముట్టుకోవడం లేదు. తను పనిచేసే బట్టల ఫ్యాక్టరీ స్టోరు నుంచి తెచ్చిన సబ్బుపొడి వల్లే చెల్లెలి చేతులు అలా వాచాయని నమ్మి, పొట్లాలన్నీ తీసుకెళ్ళి చెత్తకుండీలో పడేసి వచ్చింది. అప్పట్నుంచీ ఇంట్లో అంట్లూ, బట్టలూ, గచ్చూ అన్నీ ఆవిడ మీదే.

"ఆ సబ్బు వాళ్ళని వదిలిపెట్టను," అన్నాడు భర్త. ఆయన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. "మా దగ్గర ఒక లాయరు నేర్చుకుంటున్నాడు. బ్రేకు ఎక్కడుందో ఇంకా తెలీదుగానీ నోరు మాత్రం మహా గొప్పది. ఫొటోలు తెమ్మన్నాడు. ఏదీ, ఒక్కసారి ఆ తొడుగులు తియ్యి."

"వద్దు!"

ఆ అరుపుకి అక్క తప్ప ఇంట్లో అందరూ ఉలిక్కిపడ్డారు. అక్కకి వినపడదు. పుట్టినప్పట్నుంచీ వినపడదు.

"గాలి తగలనివ్వద్దన్నారు డాక్టరు," అంది వార్తలమ్మ, గొంతు తగ్గించి.

"ఏ డాక్టరు?" అంది కూతురు, కాఫీ కప్పులోంచి తల ఎత్తకుండా.

 కుళాయి నీళ్ళ చప్పుడు ఒక్కటే వినిపించింది.

అక్క చేతులు తుడుచుకుని ఇటు తిరిగింది. "ఇవాళ నువ్వు రావద్దు," అని చేతులతో అంది. "నొప్పి పెట్టుకుని ఎందుకు? నేనే వెళ్తా. కాగితం మీద రాసిస్తా."

రాయడమంటే అక్కకి సంతకం పెట్టడం, బస్సు బోర్డు పోల్చుకోవడం. అంతవరకే. ఇవాళ ఫ్యాక్టరీలో చెప్పుకోవలసింది సంతకంతో తేలేది కాదు. ఇస్త్రీ విభాగంలో ఆవిరి మెషిన్ ఎవరో ఆపకుండా వదిలేశారు. పంపడానికి సిద్ధంగా ఉన్న కోట్ల దొంతర మాడిపోయింది. ఆ రోజు ఆ మెషిన్ మీద పనిచేసింది అక్క. సంజాయిషీ చెప్పుకోమని మేనేజరు పిలిచాడు.

"నేను కాకపోతే నీ మాట ఎవరు చెప్తారు?" అంది వార్తలమ్మ చేతులతోనే.

తొడుగుల్లో వేళ్ళు వంగలేదు. ఆ చిన్న వాక్యమే నత్తివాడి నోట్లో మాటలా ముక్కలు ముక్కలుగా వచ్చింది. అక్క జాలిగా చూసి, తడి ఆరని అరచేత్తో చెల్లెలి చెంప నిమిరింది.

కూతురు కప్పు ఠక్కున బల్ల మీద పెట్టి లేచి వెళ్ళిపోయింది.

*

"చెప్పేయమ్మా," అంది కూతురు, పడకగది తలుపు దగ్గరగా వేసి. "ఇప్పుడే వెళ్ళి చెప్పేయ్."

"ఏమని చెప్పనే?"

"ఉన్నదే చెప్పు. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళి చేతుల్లోకి సూదులేయించుకున్నానని."

"మెల్లగా!"

"ఎవరికి మెల్లగా? నాన్న బయటికెళ్ళాడు. పెద్దమ్మకి వినపడదు."

వార్తలమ్మ మంచం అంచున కూర్చుంది. టీవీలో వార్తలు చదివే మనిషి పక్కన, తెర మూల చిన్న గుండ్రంలో నిలబడి, వినపడని వాళ్ళకి చేతులతో వార్తలు చెప్పడం ఆమె పని. వీధిలో చిన్నా పెద్దా ఆమెను వార్తలమ్మ అనే పిలుస్తారు. ఇన్నేళ్ళూ ఆ చేతుల గురించి ఆమె ఆలోచించలేదు. నాలుక గురించి ఎవరు ఆలోచిస్తారు? కెమెరాలు మారాయి, బొమ్మ స్పష్టమైంది. చానల్ పెట్టిన ఒక వీడియో కింద ఎవడో రాశాడు: ముఖం అమ్మది, చేతులు అమ్మమ్మవి. దాని కింద వరసగా నవ్వులు.

అద్దం ముందు కూర్చుంటే ముఖం కనిపిస్తుంది, చేతులు ఒళ్ళో ఉంటాయి. ఆ రోజు మొదటిసారి చేతుల్ని అద్దానికి చూపించింది. తేలిన నరాలు, వాటి మధ్య గుంటలు, గోధుమరంగు మచ్చలు. చర్మం పట్టి లాగితే వెనక్కి వెళ్ళడానికి తీరిక లేనట్టు నిలబడిపోయింది.

క్లినిక్‌లో పిల్ల ఎంతో ముద్దుగా చెప్పింది. చేతి వెనక గుంటల్లోకి జెల్ ఎక్కిస్తామనీ, నరాలు కనపడవనీ, వాపు రెండ్రోజుల్లో దిగుతుందనీ, తర్వాత మచ్చలకు లేజర్ చేస్తామనీ అంది. వారం దాటిపోయినా వాపు దిగలేదు. పిడికిలి మూతపడదు. ఫోన్ చేస్తే ఓపిక పట్టమంటారు.

ఆ క్లినిక్ వాళ్ళే ఒకరోజు ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు ఫోన్ చేశారు. కూతురు ఎత్తింది. అలా తెలిసింది.

"పొద్దున్న పెద్దమ్మ స్నానాల గదిలో ఏడుస్తోంది. విన్నావా?" అంది కూతురు. "తనకి వినపడదు కాబట్టి మనకీ వినపడదనుకుంటుంది. గొంతెత్తి ఏడుస్తోందమ్మా! తన సబ్బు వల్ల నీ చేతులు పోయాయని."

వార్తలమ్మకి తల కొట్టేసినట్టయింది. "తగ్గగానే చెప్దామనుకున్నా."

"తగ్గాక ఇంకేం చెప్తావ్? తగ్గితే సబ్బు కథే ఖాయమైపోతుంది."

"ఈ వయసులో ఇదేం సోకు అంటారే. మీ నాన్న నవ్వుతారు. మీ పెద్దమ్మ..." ఆగిపోయింది. "మీ పెద్దమ్మకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"మొహంతో కాదు, చేతులతోనే చెప్పాలి. అదే కదా నీ బాధ," అంది కూతురు.

గుమ్మంలో అక్క నిలబడి ఉంది. బయటికెళ్ళే బట్టలు కట్టుకుని, సంచీ భుజాన వేసుకుని, ఇద్దరి పెదాల్నీ మార్చి మార్చి చూస్తోంది. "దెబ్బలాటా?" అని అడిగింది చేత్తో.

"ఏం లేదు," అంది వార్తలమ్మ. "పద, వెళ్దాం."

*

మేనేజరు గదికి ఒక పక్క గోడంతా అద్దం. అవతల ఇస్త్రీ బల్లల వరస, పైకి లేస్తున్న ఆవిరి. వేడి బట్ట వాసన గదిలోకీ వస్తోంది. సూపర్‌వైజరు చేతులు కట్టుకుని మూల నిలబడింది.

"మీరు టీవీ మేడమ్ కదూ! మా ఆవిడ మీ చేతులు చూస్తూ వార్తలు వినడమే మర్చిపోతుంది," అన్నాడు మేనేజరు నవ్వుతూ. అంతలో నవ్వు ఆపి, "ఆ గ్లవ్స్ ఏంటండీ?" అన్నాడు.

"ఎలర్జీ."

"మన స్టోరు సబ్బు వల్లేనట సార్," అంది సూపర్‌వైజరు. "వాళ్ళక్క స్టోరు ముందు నిలబడి చేతులూపుతూ ఒకటే గొడవ. సబ్బు కొనడానికొచ్చిన వాళ్ళందరినీ ఆపేసింది."

వార్తలమ్మ అక్క వైపు చూసింది. ఈ సంగతి అక్క ఇంట్లో చెప్పలేదు.

"మా సబ్బా? ఇక్కడ అందరూ వాడేది అదే. ఎవరికీ ఏం కాలేదే!" మేనేజరు ముందుకి వంగాడు. "ఏదీ, చూపించండి."

"ముందు అక్క సంగతి చూద్దామండీ."

"చూపించడానికేం?"

"తర్వాత..."

తేలు కుట్టిన దొంగలా చేతులు వెనక్కి లాక్కుంది. మేనేజరు, సూపర్‌వైజరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సరే. ఒకటే ప్రశ్న," అన్నాడు మేనేజరు. గొంతులో మర్యాద కాస్త తగ్గింది. "వెళ్ళేటప్పుడు మెషిన్ ఆపిందా లేదా? అడగండి."

అక్క కుర్చీలో నిటారుగా కూర్చుని చెల్లెలి చేతుల మీద చూపు నిలిపింది. చిన్నప్పుడు పక్క మీద పడుకుని ఇద్దరూ కల్పించుకున్న భాష, తర్వాత బడిలో నేర్చుకున్న భాష, రెండూ కలిసిపోయిన భాష వాళ్ళది. అందులో 'ఆపడం' అంటే తెరిచిన చెయ్యిని గట్టిగా పిడికిలి మూయడం. సగం మూస్తే 'తగ్గించడం'.

వార్తలమ్మ చెయ్యి తెరిచింది. మూయబోయింది. చర్మం బిర్రుగా లాగింది. వేళ్ళు సగంలో ఆగిపోయాయి.

అక్క వెంటనే అడ్డంగా తల ఊపింది. తగ్గించలేదు.

ఆ తల ఊపుడికి ఎవరూ అర్థం చెప్పనక్కర్లేకపోయింది.

"చూశారా సార్!" అంది సూపర్‌వైజరు. "ఆపలేదని తనే ఒప్పుకుంది."

అక్క చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. ఇంకేదో చెప్పబోతోంది. సూపర్‌వైజరు అరుపుకి అందరి మొహాలూ అటు తిరగడం చూసి ఆగిపోయింది.

"కాదండీ, ఆగండి! నేను మళ్ళీ అడుగుతాను," అంది వార్తలమ్మ.

"మళ్ళీ ఎందుకు? జవాబు నేర్పించడానికా?"

"అడగడం సరిగ్గా రాలేదు..."

"అడగడమేగా మేడమ్ మీ ఉద్యోగం? ఎందుకు రాలేదు?" అన్నాడు మేనేజరు.

ఎందుకు రాలేదు? నా పిడికిలి మూతపడదు అనాలి. ఎందుకు మూతపడదు అంటారు. తొడుగులు తియ్యమంటారు. నున్నగా, బొద్దుగా, పసిపిల్ల చేతుల్లా ఉబ్బిన ఈ చేతులు సబ్బుకి కాలిన చేతుల్లా ఉండవు. వార్తలమ్మ చేతులు మళ్ళీ వెనక్కి పెట్టుకుంది. 

 "సంగతి తేలేదాకా పనికి రావద్దని చెప్పండి," అన్నాడు మేనేజరు.

ఆ మాటకి పిడికిలి అక్కర్లేదు. వేళ్ళు తిన్నగా పలికాయి.

*

బస్సు స్టాపులో అక్క బెంచీ మీద కూర్చుని చెల్లెల్ని తట్టి పిలిచింది.

"వాళ్ళకెందుకంత కోపం? తగ్గించావా అని నువ్వడిగావు. తగ్గించలేదు అన్నాను. పూర్తిగా ఆపేశాను, నేను వెళ్తుంటే ఆ సూపర్‌వైజరే ఒక కోటు పట్టుకుని మెషిన్ దగ్గరికి వచ్చింది అని చెప్పబోతుంటే ఆవిడ అరిచింది. నువ్వు చెప్పావా ఆ మాట?"

వార్తలమ్మ నిలబడే ఉంది. 

"చెప్పావా?"

"వాళ్ళు చెప్పనివ్వలేదు," అంది చేత్తో.

అక్క కొంతసేపు రోడ్డు వైపు చూసింది. అక్కకి ఆ ఫ్యాక్టరీలో పని ఒకటే కాదు, బల్లకి అవతల పక్క నిలబడే ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళు సగం సగం సైగలు నేర్చుకుని అక్కతో జోకులేస్తారు. రోజూ ఆ జోకులు మోసుకొచ్చి ఇంట్లో పంచిపెడుతుంది. రేపట్నుంచీ ఏం తెస్తుంది?

అక్క చెల్లెలి తొడుగు చేతిని తన ఒళ్ళోకి లాక్కుని, పగిలిన గాజుసామాను పట్టుకున్నట్టు పట్టుకుంది. ఇంకో చేత్తో మెల్లగా అంది: "నీ చేతులు బాగుంటే నిన్ను చూసి వాళ్ళు భయపడేవాళ్ళు. తప్పు నాదే. నా సబ్బుది."

బస్సు వచ్చింది. వార్తలమ్మ ముందుగా ఎక్కి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అక్క మాట్లాడితే చూడక్కర్లేకుండా.

*

"పనికి రావద్దన్నారా?" సాయంత్రం ఇంటికొచ్చి, సంగతి విని భర్త అంతెత్తున లేచాడు. "మన చేతులు కాల్చింది కాక మన కడుపు మీద కొడతారా? గోరుచుట్టు మీద రోకటిపోటు! రేపు లాయర్ని తీసుకుని నేనే వెళ్తా. వాడి సబ్బూ, వాడి మెషినూ, రెండూ కలిపి కడిగేస్తా."

"మీరు వెళ్ళద్దండీ."

"ఎందుకెళ్ళను? భయమా? ఫొటోలు చాలు. చేతులు చూపించు."

"వద్దన్నానా!"

"నీకేమైందసలు? న్యాయం మన వైపుంటే దొంగలా దాక్కుంటావేంటి?"

"నాన్నా," అంది కూతురు.

"నువ్వుండవే. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే క్లచ్ లేకుండా గేరు వెయ్యకు."

"సబ్బు కాదు నాన్నా."

కూతురు అంతే అంది. మిగతాది చెప్పలేదు. తల్లి వైపు చూస్తూ నిలబడింది.

వార్తలమ్మ చెప్పింది. నేల వైపు చూస్తూ, గచ్చు మీద పలకలకి చెబుతున్నట్టు చెప్పింది. వీడియో కింద రాసిన మాటా, అద్దం, క్లినిక్కూ, సూదులూ. ఎంత పొట్టిగా చెబుదామనుకున్నా పొడుగైపోయింది.

భర్త మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. "లాయరుకి చెప్పేశాను. స్కూల్లో అందరికీ చెప్పాను. పక్క షాపుల వాళ్ళు కూడా ఆ సబ్బు మానేశారు," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. తర్వాత, "నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"నవ్వుతారని."

ఆయన నవ్వలేదు. కాదని కూడా అనలేదు.

వంటింట్లోంచి అక్క వచ్చింది. ముగ్గురి మొహాలూ చూసింది. "ఏమైంది? ఎవరికేమైంది?" చేతులు గబగబా అడిగాయి. "నా ఉద్యోగం గురించేనా?"

వార్తలమ్మ కూతురి వైపు చూసింది, నువ్వు చెప్పవా అన్నట్టు. కూతురు తన చేతులు వెనక్కి పెట్టుకుంది.

ఇక దారి లేదు. వార్తలమ్మ తొడుగులు తీసింది.

అక్క దీపం దగ్గరికి లాక్కెళ్ళింది. చేతిని వెనకా ముందూ తిప్పి చూసింది. మంట లేదు, పొక్కు లేదు, తోలు ఊడలేదు. నరం లేదు, ముడత లేదు. మెరుస్తోంది. రబ్బరు బంతి మీద చర్మం తొడిగినట్టుంది. వేలితో నొక్కి, నొక్కిన గుంట నిదానంగా పూడడం చూసింది. ఈ చేతులు నాకు తెలియవు అన్నట్టు వదిలేసింది.

వాచిన వేళ్ళతో వార్తలమ్మ చెప్పింది. మాట మాటకీ ఆగి, పలకనిచోట మళ్ళీ మొదలుపెట్టి.

"సూదులు? డబ్బిచ్చి వేయించుకున్నావా?"

"అవును."

"జబ్బుకా?"

"కాదు. ముసలివైపోయాయని."

అక్క అర్థం కానట్టు చూసింది. అర్థమయ్యాక మొహం మారింది. "సబ్బు?"

"సబ్బు ఏం చేయలేదు."

"నేను వట్టి నీళ్ళతో తోముతుంటే చూస్తూ కూర్చున్నావా?"

"అవును."

"ఇవాళ ఆఫీసులో?"

"నేను అడిగింది తగ్గించావా అని కాదు. ఆపావా అని. నా పిడికిలి మూతపడలేదు. నాకు అప్పుడే తెలిసింది. చెప్పలేకపోయాను."

 అక్క తన రెండు చేతుల్నీ దీపం కిందికి తెచ్చింది. ఇస్త్రీ అంచులు తగిలి కాలిన నల్లటి చారలు, వంకరపోయిన కణుపులు, తాళ్ళలా తేలిన నరాలు, చెల్లెలి మచ్చలకి రెండింతలు మచ్చలు. వార్తలమ్మ ఉయ్యాల్లో ఉన్నప్పుడు మొదట చూసిన మాటలు ఆ చేతులవే. నోటిమాట తర్వాతెప్పుడో వచ్చింది.

"మరి ఇవి?" అంది అక్క. "వీటిని చూసినా నీకు సిగ్గేనా?"

కాదు అనడం ఎంతసేపు? ఒక్కసారి తల ఊపితే చాలు. కానీ అద్దం ముందు నిలబడ్డ రోజున తనకి తట్టిన మొదటి మాట గుర్తొచ్చింది: అచ్చం అక్క చేతుల్లా అయిపోయాయి.

ఆ ఒక్క క్షణం ఆలస్యం చాలింది. మొహాలు చదవడంలో అక్కని మించినవాళ్ళు లేరు.

"అక్కా, అది కాదు..."

అక్క కళ్ళు మూసుకుంది. కోపమొస్తే మిగతావాళ్ళు గది తలుపు వేసుకుంటారు. అక్కకి ఉన్న తలుపు అదొక్కటే. వార్తలమ్మ గాల్లో ఎన్ని మాటలన్నా ఇక లోపలికి పోవు. భుజం పట్టుకుని కదిపింది. అక్క ఆ చెయ్యిని తీసి పక్కన పెట్టి, గోడ తడుముకుంటూ తన గదిలోకి వెళ్ళిపోయింది.

*

పొద్దున్న లేచేసరికి అక్క గది ఖాళీగా ఉంది. కూతురి చెప్పులూ లేవు.

"ఇద్దరూ ఫ్యాక్టరీకి వెళ్ళారు," అన్నాడు భర్త. "నిన్ను లేపొద్దంది మీ అక్క."

"పిల్లదానికి సైగలు అరకొరే వచ్చండీ! అదేం చెప్తుంది?"

"అరకొరైనా నిజం చెప్తుందనుకుని ఉంటుంది."

అన్నాక ఆయనే నొచ్చుకున్నాడు. డ్రైవింగ్ స్కూలు కారు తాళాలు తీసుకుని, "పద, దింపుతా," అన్నాడు.

 దారిలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అన్నాడు: "నువ్వన్నది నిజమే. నేను నవ్వేవాడినే. రెండు రోజులు నవ్వి, స్కూల్లో జోకు చేసి చెప్పేవాడిని." ఇంకొంచెం దూరం పోయాక, "తొడుగులు మర్చిపోయినట్టున్నావ్," అన్నాడు.

"మర్చిపోలేదు."

ఫ్యాక్టరీ మెట్లెక్కుతుంటే గుమాస్తా ఆ చేతుల వైపు వింతగా చూశాడు. వార్తలమ్మకి వాటిని కొంగులో దాచుకోవాలనిపించింది. దాచుకోలేదు. తలుపు తోసింది.

లోపల అక్క, పక్కన కూతురు. కూతురి మొహం చెమటతో తడిసి ఉంది. చేతులు తప్పుల తడకగా పోతున్నాయి. అక్క ఓపిగ్గా ఒక్కో మాటా దిద్దుతోంది.

"మీరు బయట ఉండండి మేడమ్," అన్నాడు మేనేజరు. "మీరొద్దని ఆవిడే చెప్పించింది."

"ఒక్క మాట చెప్పి పోతాను."

అద్దం అవతల ఇస్త్రీ బల్లల దగ్గర ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. వార్తలమ్మ రెండు చేతులూ బల్ల మీద పెట్టింది.

"ఇది సబ్బు వల్ల కాదండీ. చేతులు పడుచుగా కనపడాలని నేనే సూదులేయించుకున్నాను. ఇంట్లో అబద్ధం చెప్పాను. మా అక్క నమ్మి మీ స్టోరు దగ్గర గొడవ చేసింది. నిన్న ఈ చెయ్యి మూతపడక ప్రశ్న తప్పుగా అడిగాను. మా అక్క తల ఊపింది మీ ప్రశ్నకి కాదు. సిగ్గుపడి నోరు మూసుకున్నాను."

సూపర్‌వైజరు ఫక్కున నవ్వింది. "నిన్న ఒకటి, ఇవాళ ఒకటి. రేపు ఇంకేం చెప్తుందో!"

మేనేజరు నవ్వలేదు. ఆ చేతుల్ని చూసి, చూపు తిప్పుకున్నాడు. "ఈ పిల్ల చెప్పేది సగం అర్థమై సగం కావడం లేదు," అన్నాడు విసుగ్గా. "ఆవిడ ఒప్పుకుంటే మీరే చెప్పండి. ఆవిడ ఏమంటే అది. ఒక్క మాట అటూ ఇటూ కాకూడదు."

కూతురు ఆ సంగతి సైగ చేసింది. అక్క అయిష్టంగా చెల్లెలి వైపు తిరిగింది. నిన్నటి నుంచి మొదటిసారి చూడడం.

అడగడానికి కూతురి చేతులున్నాయి. చెప్పడానికి కళ్ళూ నోరూ చాలు. అక్క చేతులు లేచాయి. వార్తలమ్మ ఎప్పట్లాగే అక్క అయిపోయి పలికింది:

"'మెషిన్ నేను ఆపాను. నేను సంచీ తీసుకుని వెళ్తుంటే సూపర్‌వైజరు ఒక కోటు పట్టుకుని వచ్చింది. మెషిన్ మళ్ళీ వేసింది. ఆవిరి రావడం చూశాను.'"

"అబద్ధం!" అంది సూపర్‌వైజరు. "ఆవిడ చేతులూపింది, ఈవిడ కథ అల్లింది. అబద్ధాలాడతానని తనే చెప్పిందిగా సార్!"

అక్క ఆ అరుపు చూసింది. ఆగి, చెల్లెలి కళ్ళల్లోకి చూస్తూ ఇంకో వాక్యం చెప్పింది. నిదానంగా, తప్పు పట్టడానికి వీల్లేనంత స్పష్టంగా.

వార్తలమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమంటోంది?" అన్నాడు మేనేజరు.

కూతురు బిత్తరపోయి చూస్తోంది. దానికి ఆ వాక్యం అర్థమైనట్టు లేదు. గదిలో ఇంకెవరికీ అర్థమయ్యే వీల్లేదు. ఉన్నదున్నట్టు చెబితే ఇంతకుముందు చెప్పినదాన్ని కూడా నమ్మరు. అక్క పని పోతుంది. మింగేస్తే అది మళ్ళీ నిన్నటి పనే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఏమంటోందమ్మా? చెప్పండి."

"'నా చెల్లెలు నాకు అబద్ధం చెప్పింది,'" అంది వార్తలమ్మ.  అక్క అన్నది అన్నట్టే పూర్తి చేసింది. "'నా చేతుల్ని చూసి సిగ్గుపడింది. ఈ ఒక్కరోజే. రేపట్నుంచీ నా మాట తను చెప్పదు.'"

అద్దం అవతల ఒక మెషిన్ బుస్సుమంది. మేనేజరు కాసేపు పెన్ను మూత తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత సూపర్‌వైజరు వైపు తిరిగి, "మీరు నిలబడ్డారేం? కూర్చోండి. ఇప్పుడు మీరు చెప్పాలి," అన్నాడు. ఆవిడ కూర్చోలేదు.

అక్క ఒంటిచేత్తో అడిగింది: "చెప్పావా?"

వార్తలమ్మ తల ఊపింది.

"నేనన్నది అన్నట్టేనా?"

మళ్ళీ ఊపింది.

అక్క ఆ మొహాన్ని చదువుతూ అలాగే ఉండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక చెల్లెలి తల ఊపుడికి ఆవిడ ఇంకో సాక్ష్యం అడిగిన రోజు లేదు. మెల్లగా చూపు తిప్పి, కూతురి భుజం తట్టింది.

"నిజంగా చెప్పిందా?" అని దాన్ని అడిగింది.